ఎవరూ దిగని తొట్టి

తొట్టిలో నీళ్ళు తేటపడటం మానేశాయి. లతీఫ్‌కి వచ్చిన చిక్కు అది.

ఫకీరు ఖాదర్ షా ఉండే గుట్ట మీద ఓ హమాం ఉంది. పెద్ద రాతి తొట్టి, దాని కింద పొయ్యి. చలికాలం కీళ్ళు పట్టేసినవాళ్ళు, పుళ్ళవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళనుంచి వచ్చి ఆ వేడినీళ్ళలో కూర్చుని పోయేవాళ్ళు. దాని బాగోగులన్నీ శిష్యుడు లతీఫ్‌వి. అతనికి శుభ్రమంటే ప్రాణం. తన ప్రాణం కాదులెండి, ఎదుటివాళ్ళ ప్రాణం.

తొట్టి ఖాళీ చేసి బూడిదతో తోమాడు. సున్నం కొట్టాడు. బావినీళ్ళు నింపి, మడ్డి అడుక్కి దిగేలా చిల్లగింజ అరగదీసి కలిపాడు. అడుగు రాయి కనిపించేంత తేటగా ఉండేవి నీళ్ళు. పొయ్యి రాజేస్తే చాలు, నల్లబడి పుండు వాసన కొట్టేవి. అంతకన్నా పాడు సంగతి ఇంకోటి. ఎవరూ దిగకుండానే, ఎవరో మెల్లగా కూర్చున్నట్టు నీళ్ళు జానెడు పైకి లేచి అంచు మీంచి పొర్లేవి.

జనం జడుసుకుని రావడం మానేశారు. ముసలి దస్తగిరి ఒక్కడే పోయేచోటు లేక హమాం గడపలో కూర్చుని, ఇవాళైనా దిగనిస్తావా నాయనా అని రోజూ అడిగేవాడు. చలికి అతని వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

చివరికి లతీఫ్ గురువు దగ్గరికెళ్ళి, తొట్టిని మట్టితో పూడ్చేద్దామన్నాడు.

ఖాదర్ షా అంతా విన్నాడు. "చివరిగా ఎవరు దిగారు?" అని అడిగాడు.

లతీఫ్‌కి చెప్పక తప్పలేదు. ఫకీరప్ప అనే నేతగాడు. ఒళ్ళంతా పుళ్ళు. కాలు నీళ్ళలో పెట్టాడో లేదో, తొట్టి పాడవుతుందని తనే రెక్క పట్టి బయటికి పంపేశాడు. మర్నాడు గుట్ట మెట్ల మీద అతను చలికి కొయ్యబారి, ప్రాణం పోయి కనిపించాడు.

గురువు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లేచి వెళ్ళి పొయ్యి రాజేశాడు. తలుపులు బార్లా తెరిచి, ఖాళీగా ఉన్న మెట్లవైపు చూస్తూ చుట్టాన్ని పిలిచినట్టు పిలిచాడు.

"రా ఫకీరప్పా, నీళ్ళు కాగాయి."

గడపలో ఉన్న దస్తగిరి కాళ్ళు ముడుచుకుని, దారి ఇస్తూ పక్కకి జరిగాడు. లతీఫ్‌కి ఎవరూ కనబడలేదు. తొట్టిలో నీళ్ళు జానెడు లేచి నల్లబడ్డాయి.

ఎవరి వీపూ వాళ్ళకి అందదు గనక, దిగినవాడి వీపు తొట్టి చూసుకునేవాడే రుద్ది పంపడం అక్కడి ఆనవాయితీ. ఖాదర్ షా బీరపీచు తీసి శిష్యుడి చేతిలో పెట్టాడు.

లతీఫ్ ఓ అడుగు వెనక్కి వేశాడు. "బాబా, అక్కడ ఎవరూ లేరు."

"లేకపోతే భయమెందుకురా?"

లతీఫ్ కళ్ళు మూసుకుని నల్లనీళ్ళలో చేతులు ముంచాడు. ఉత్తినే రుద్దసాగాడు. కాసేపటికి పీచు దేనికో తగిలింది. అంత వేడిలోనూ చల్లగా ఉంది. వేళ్ళకి వెన్నుపూసలు తెలుస్తున్నాయి. లతీఫ్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. మన్నించమని గొణుగుతూనే ఉన్నాడు గానీ చెయ్యి ఆపలేదు. మెడనుంచి నడుం దాకా, పిల్లవాడికి రుద్దినట్టు రుద్దాడు.

నీళ్ళు మెల్లగా జానెడు దిగాయి. కళ్ళు తెరిస్తే తొట్టి అడుగు రాయి కనిపిస్తోంది. తన మోచేతుల దాకా మాత్రం నల్లటి మడ్డి అంటుకుని ఉంది. లతీఫ్ కంగారుగా గుడ్డ కోసం వెతికాడు.

"తుడిస్తే పోదులే అబ్బీ," అన్నాడు ఖాదర్ షా. "గడపలో ఇంకో వీపు ఉంది."