ఒడ్డున ఎర్ర గొడుగు

ప్రొద్దుటూరులో సంగీతం చెప్పే పంకజవల్లమ్మ గారికి ఒక అలవాటుంది. శిష్యుల గొంతు శ్రుతి నుంచి జారుతుంటే ఆమె ఏమీ అనరు, తన గొంతూ కలపరు. తంబురా మీటుతూ ఊరికే కూర్చుంటారు. జారినవాళ్లు తడుముకుంటూ తమంతట తామే తిరిగి రావాలి. ఆ నాలుగు క్షణాలూ నరకమేనని ఆమె దగ్గర నేర్చుకున్న ఎవరిని అడిగినా చెబుతారు.

సుభాషిణికి అది మరీ నరకం. ముప్పై దాటాక పాట మొదలుపెట్టిన మనిషి, పైగా నాలుగు రోజుల్లో మొదటి కచేరీ. ఆ సాయంత్రం పై షడ్జం దగ్గర ఆమె గొంతు మూడుసార్లు జారింది. మూడుసార్లూ గురువుగారు ఉలకలేదు, పలకలేదు. ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"అమ్మా, పక్కవీధి మాస్టారైతే శిష్యులు ఎక్కడికి జారితే అక్కడికి తానూ గొంతు దించి తోడొస్తారట. నాకిక్కడ చెమటలు పోస్తుంటే మీరు ఒక్క అడుగైనా ఇటు రారెందుకు?"

పంకజవల్లమ్మ తంబురాను గోడకు ఆనించారు. ఏదో శాస్త్రం చెబుతారనుకుని సుభాషిణి నోటుపుస్తకం తెరిచింది. ఆవిడ చేపల సంగతి మొదలుపెట్టారు.

ఈ ఊరావిడే ఒకామె, పెళ్లయిన రెండో ఏడు భర్తతో కలిసి వేసవి సెలవులకు శ్రీకాకుళం వైపు సముద్రతీరానికి వెళ్లింది. ఆ భర్తకు గాలం పిచ్చి. చుట్టుపక్కల చెరువుల్లో ఆయన గాలం వేస్తే చేప పడాల్సిందే. పాపం, సముద్రానికి ఆ సంగతి తెలియదు. మూడు రోజులపాటు టీకొట్టు అతన్ని, సత్రం కాపలావాడిని, దారిన పోయేవాళ్లనీ చేపలెక్కడ పడతాయని అడుగుతూ తిరిగాడు. ఒకరు రాళ్ల దగ్గరన్నారు, ఇంకొకరు ఉత్తరాన రేవు దాటాక అన్నారు. రాళ్లలో గాలాలు తెగడమే తప్ప ఒక్క పిల్ల చేప పడలేదు. ఆయన ముఖం చూడలేక నాలుగో రోజు ఆమే వెళ్లి, వల బాగుచేసుకుంటున్న దానయ్య అనే ముసలి జాలరిని బతిమాలుకుంది.

దానయ్య వచ్చి చోటు చూపించాడు. నీళ్ల అడుగున ఒక ఇసుకదిబ్బ ఉంది, నడుం లోతులో దానిమీద నిలబడి అవతలి గుంటలోకి గాలం విసరాలి. అయితే చోటు కన్నా గురుతు ముఖ్యమన్నాడు. దిగేముందు ఒడ్డు వైపు చూసి లైటుహౌసునూ, దాని ముందున్న ఒంటి తాడిచెట్టునూ గురుతు పెట్టుకోవాలి. విసిరిన ప్రతిసారీ వెనక్కి తిరిగి చూడాలి. ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి ఉన్నంతసేపు భయం లేదు. విడిపోయాయంటే నీరు మనిషిని పక్కకు లాగేస్తున్నట్టే, చేప పడినా వదిలేసి బయటికి రావాలి. ఎందుకంటే ఆ లాగుడంతా మొగ వైపు, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు వైపు. ఆటు వేళ, అంటే సముద్రం వెనక్కి తీసేటప్పుడు, మొగలో పడ్డవాణ్ణి నీరు నేరుగా లోపలికి తీసుకుపోతుంది.

ఇంత చెప్పి ముసలాయన తన వల దగ్గరికి వెళ్లిపోయాడు. భర్త నవ్వి, లైటుహౌసూ తాడిచెట్టూ ఎవరు చూస్తారు, మైలు దూరానికి కనిపించే నీ ఎర్ర గొడుగు ఉండగా, అన్నాడు. ఊళ్లో చెరువు గట్టున ఆయన ఎప్పుడూ అలాగే ఆమెను చూసుకుంటూ గాలం వేసేవాడు. చెరువు నీళ్లు ఎక్కడికీ పోవు కదా.

ఆమె గొడుగు విప్పి ఒడ్డున నిలబడింది. కాసేపటికే చేపలు పడటం మొదలైంది. ఆయన ఒక్కొక్కటీ ఎత్తి చూపించి, నడుముకు కట్టుకున్న సంచిలో వేసుకుంటున్నాడు. అయితే ఆయన తనకు ఎదురుగా లేడని, కాస్త పక్కకు జరిగాడని ఆమెకు అనిపించింది. భయమేసింది. నాలుగడుగులు నడిచి ఆయనకు ఎదురుగా నిలబడ్డాక నెమ్మదించింది. మళ్లీ కాసేపటికి అదే భయం, మళ్లీ నాలుగడుగులు. ఆయన వెనక్కి తిరిగినప్పుడల్లా గొడుగు సరిగ్గా ఎదురుగానే ఉంది. చెయ్యి ఊపి, ఇంకో గాలం విసిరేవాడు. అలా నడిచి నడిచి తాను ఎంత దూరం వచ్చిందో ఆమెకే తెలియలేదు.

వెనకనుంచి ఎవరో గొడుగు కర్ర పట్టుకుని ఆపారు. దానయ్య, పరిగెత్తి రావడంతో రొప్పుతున్నాడు. ఆమె ముందుకు చూసింది. వంద బారల దూరంలో మొగ, బురదరంగు నీళ్లు సముద్రంలోకి పరుగెడుతున్నాయి. కేక వేయబోయింది. అలల హోరులో ఆ కేక ఆమెకే వినిపించలేదు.

"కదలకమ్మా. ఆయన నిన్ను సూసే నిలబడ్డాడు. నువ్వు నడుస్తుంటే తను కదల్నేదనుకుంతాడు," అని, తెప్ప కోసం వెనక్కి పరిగెత్తాడు.

ఆమె గొడుగు కర్రను ఇసుకలో గుచ్చి రెండు చేతులా పట్టుకుంది. ఆయన మొగ వైపు జరిగిపోతున్నాడు. పరిగెత్తి ఎదురుగా నిలబడితే ఈ భయం పోతుందని తెలుసు, ఇప్పటిదాకా పోయింది కదా. ఆయన వెనక్కి తిరిగి, గొడుగు పక్కన ఉండటం చూసి, ఇటు రమ్మని చెయ్యి ఊపాడు. ఆమె కదల్లేదు. ఇంకోసారి తిరిగాడు, గొడుగు ఇంకా వెనకపడింది. రెండు చేతులూ ఎత్తి పిలిచాడు. పెళ్లయ్యాక ఆయన పిలిస్తే వెళ్లకపోవడం అదే మొదలు. వెళ్లకపోతే ఆయన పోతాడేమో, వెళ్తే తప్పకుండా పోతాడు. ఆమె ఏడుస్తూ నిలబడింది.

అప్పుడాయన చేతులు దిగిపోయాయి. గొడుగును చూసి మొగను చూశాడు. గాలం కర్ర వదిలేసి ఒడ్డు వైపు తిరిగాడు. అంతలో ఒక అల విరిగి మీద పడి మనిషి కనిపించకుండా పోయాడు. ఆమె అప్పుడూ కదల్లేదు. దానయ్య తెప్ప దించేలోపే మొగకు పది బారల ఇవతల ఆయన తేలి, మోకాళ్ల మీద పాకుతూ బయటపడ్డాడు. తడిసిన బట్టలతో రొప్పుకుంటూ వచ్చి ఆయన అన్న మొదటి మాట ఇది.

"అంతగా చెయ్యి ఊపి పిలుస్తాంటే రాకుండా ఆడ్నే నిలబడ్తివేమే?"

తెప్ప వదిలేసి వచ్చిన దానయ్య ఆయన భుజం పట్టి లైటుహౌసు వైపు తిప్పాడు. తాను దిగిన చోటు ఎంత దూరంలో ఉందో ఆయన అప్పుడు చూశాడు.

పంకజవల్లమ్మ కథ ఆపి తంబురా ఒళ్లోకి తీసుకున్నారు. పుస్తకంలో సుభాషిణి ఒక్క అక్షరం రాయలేదు. అడిగింది, "అంతసేపు కదలకుండా నిలబడ్డం, ఆవిడకి భయం వేయలేదా అమ్మా?"

"ఇప్పటికీ వేస్తుంది," అన్నారు గురువుగారు, తీగ మీటుతూ. "పాడు."