పొయ్యార్పమ్మకు పచ్చి చలిమిడి

అనంతపురం సీమలో, దిబ్బలదొడ్డి గ్రామానికి పడమటగా, ఎండిన ఏటి ఒడ్డున ఇసుక దిబ్బల నడుమ శ్రీ పొయ్యార్పమ్మ తల్లి వెలసి ఉన్నది. ఈ సన్నిధిలో పొయ్యి వెలిగించరాదు. ఈ మాట ద్వారం మీద చెక్కించాము, మైకులో చెప్పిస్తున్నాము. అయినా ప్రతి మంగళవారం ఎవరో ఒకరు గుడి వెనుక మూడు రాళ్లు పేర్చి, కంపలు విరిచి పలావు వండుతూనే ఉంటారు. అడిగితే "ఈ ఒక్కసారికే స్వామీ" అంటారు. మా ఓపిక నశించి ఈ చరిత్ర అచ్చు వేయిస్తున్నాము.

పూర్వం ఇక్కడ దిబ్బలు కదిలేవి కావు. తంగేడు, బలుసు, దర్భ వేళ్లు దించి ఇసుకను గట్టిగా పట్టుకొని ఉండేవి. అప్పట్లో తల్లిని దిబ్బ మారెమ్మ అనేవారు. జ్యేష్ఠ మాసపు జాతరలో ఇంటింటివారూ పొంగలి పెట్టేవారు. కట్టెలు మాత్రం దిబ్బ మీదివే కావాలని పట్టింపు. ఊరు పెరిగింది, ఎండుపుల్లలు చాలలేదు. పచ్చి పొదలను వేళ్లతో సహా పెరికారు. ఆషాఢ గాలికి ఇసుక లేచి చేల మీద పడింది.

తల్లికి కోపం వచ్చిందని ఊరి పెద్ద బసవనగౌడు మరుసటి ఏడు పొంగళ్లు రెట్టింపు చేయించాడు. పెరికిన పొదలూ రెట్టింపయ్యాయి, ఇసుకా రెట్టింపయింది. పూజారి కలలో తల్లి కనిపించి వంట వద్దన్నది. ఆ మహానుభావుడు మేల్కొని, రుచి కుదరలేదు కాబోలనుకొని నెయ్యి పెంచమన్నాడు. ఇటువంటి వారికి దేవత మాత్రం ఎంతని చెబుతుంది?

దిబ్బ అంచున ఈరక్క అనే విధవరాలికి కొర్ర చేను ఉండేది. ఇద్దరు బిడ్డలతో ఆమెకు అదే ఆధారం. సగం చేను అప్పటికే ఇసుక పాలైంది. మిగిలినదీ పోతే ఊరు విడవవలసిందే. ఒక మధ్యాహ్నం గట్టు మీద కునుకు తీస్తుండగా తల్లి ఆమె కలలోకి వచ్చింది.

"నేనేమన్నా ఆకలంటినా? వద్దు వద్దంటే మళ్లా వండుతారేందమ్మా! నా చుట్టూ ఉండే చెట్టూ చేమా పెరికి, నాకే పొంగలి పెడతారా? పొయ్యిలు ఆర్పు పో!"

జాతర నాడు ఈరక్క తన చేలోని ఇసుకను గంపకెత్తుకొని వచ్చి, వరుసగా పొయ్యిల మీద కుమ్మరించింది. గౌడు మండిపడ్డాడు.

"ఏందే ఈ పాపం? అమ్మవారి కూట్లో మన్ను పోస్తావా?"

"ఇది మీ ఇసుకే గౌడా. మీరు చెట్లు పెరికిన చోట నుంచే నా చేలోకి వచ్చింది. మీది మీకే తెచ్చినా."

గౌడు చెయ్యెత్తాడు. అంతలో పెనుగాలి రేగి మిగిలిన కుండలన్నిటినీ ఇసుకతో నింపింది, గౌడు కుండతో సహా. ఈరక్క ఇంట్లో మిగిలిన కొర్రపిండి తెచ్చి, బెల్లం కలిపి పచ్చి చలిమిడి చేసి తల్లి ముందు ఉంచింది. గాలి నిలిచింది. నాటి నుండి తల్లి పొయ్యార్పమ్మ అయింది.

అయితే పెరికిన పొదలు ఒక్క పూటలో మొలవవు కదా. ఆ ఆషాఢంలోనే ఈరక్క చేను పూర్తిగా పూడిపోయింది. ఆమె బిడ్డలను వెంటబెట్టుకొని తుంగభద్ర వైపు కూలికి వెళ్లిపోయింది. తిరిగి వచ్చినట్లు పెద్దలెవరూ చెప్పలేదు. పొదలు మళ్లీ ఇసుకను పట్టుకునేసరికి ఒక తరం గడిచింది. ఊరు నిలిచింది.

నేటికీ తల్లికి పచ్చి చలిమిడే నైవేద్యం. తొలకరిలో గుప్పెడు తంగేడు గింజలు దిబ్బ మీద చల్లిన వారి బావి ఊరుతుందని, చేను పండుతుందని నమ్మకం. అదే దిబ్బ మీద జీపులు తిప్పేవారికి, ట్రాక్టర్లతో ఇసుక తోలేవారికి ఏ ఫలం దక్కుతుందో తల్లినే అడగాలి.

గుడి ఎదుట ఎత్తయిన దిబ్బ ఎక్కి ఫొటోలు దిగుతున్న భక్తులకు మనవి. మీ కాళ్ల కింద ఉన్నది ఈరక్క చేను. దయచేసి దిగి రండి.