తిరుపాలమ్మ ఎరుపు

భుజంగరావుగారిని శిష్యులు ఏదైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, ఏదో ఒక పని పెట్టుకుంటారు. విజయవాడ గాంధీనగర్‌లో ముప్పై ఏళ్లుగా ఎడిటింగ్ గది నడుపుతున్నారు. ఆయన దగ్గర పని నేర్చిన వాళ్లంతా ఆ అలవాటుకు ఒక్కసారైనా విసుక్కున్నవాళ్లే.

ఆ రోజు పొద్దున్నే వకుళ ఆయాసపడుతూ వచ్చి అడిగింది.

"గురువుగారూ, ఒకటే వీడియో. మాక్‌లో ఒక ఎరుపు, విండోస్‌లో ఇంకో ఎరుపు. ఏది నమ్మమంటారు?"

ఆయన ఫోను తీసి, తిరుపాలమ్మను మధ్యాహ్నానికల్లా రైల్లో రమ్మన్నారు. అంతే.

వకుళ ఆత్రం ఊరికే కాదు. అది ఆమె మొదటి సినిమా. చీరాలలో చిరివేరుతో బట్టకు ఎరుపు ఎక్కించే తిరుపాలమ్మ మీద తీసింది. షూటింగ్ అయిన నెలకే ఆవిడ నడుము సహకరించక రంగు బానలు బోర్లించేసింది. ఆ ఎరుపు ఇక మిగిలేది ఈ సినిమాలోనే. పోటీకి పంపాల్సిన గడువు ఆ సాయంత్రం ఆరింటికి!

వకుళ ఎడిటింగ్ మాక్‌లో చేస్తుంది. శబ్దం చూసే అతనిది విండోస్. కోడెక్ అంటే ఏముంది, వీడియోను మూటగట్టే పద్ధతి. ఒకరి మూట ఇంకొకరికి విప్పడం రాదు. అందుకని వకుళ అటు పంపినప్పుడు ఒకలా, ఇటు వచ్చినప్పుడు ఇంకోలా మార్చి కట్టేది. విప్పిన ప్రతిసారీ రంగు వెలిసినట్టో మాడినట్టో కనిపించేది. కాస్తే కదా అని సరిచేసేది. తర్వాతి మార్పు ఆ సరిచేసినదాని మీదే. అలా ఏడుసార్లు. బద్ధకస్తురాలైతే రెండోసారికే ఆపేసి బతికిపోయేది, పాపం కష్టపడే పిల్ల.

తిరుపాలమ్మ రెండింటికి వచ్చింది. ఏడో మార్పును రెండు కంప్యూటర్లలోనూ చూపించారు. ఆవిడ మర్యాదగా చివరిదాకా చూసింది.

"బాగుందమ్మా. ఎవరి బట్ట ఇది?"

వకుళకు ఏడుపు ముంచుకొచ్చింది. భుజంగరావుగారు బీరువా తెరిచి, ఏ మార్పూ జరగకముందే కెమెరాలోంచి తీసి దాచిన అసలు నకలును ఆమె చేతిలో పెట్టి, తిరుపాలమ్మకు టీ తెప్పించే పనిలో పడ్డారు.

ఇక చూడాలి ఆ పిల్ల ఉరుకులు! రెండు రకాల యంత్రాలకూ పడేది, ఫైలు బరువైనా రంగు చెడగొట్టనిది కోడెక్ ఒకటి పట్టుకుని, అసలుదాన్ని అందులోకి ఒకే ఒక్కసారి మార్చింది. రంగు మీద చెయ్యి వెయ్యలేదు. ఎడిటింగ్‌లో చేసిన కోతలన్నీ ఉన్నచోటే ఉంచి, వాటి కింద పాత బొమ్మ తీసేసి ఈ బొమ్మను తగిలించింది. అరవై శాతం, ఎనభై శాతం అంటూ గీత పాకుతుంటే వకుళ కుర్చీలో కూర్చోలేకపోయింది. తొంభై ఆరు దగ్గర అది కాసేపు ఆగింది. అయిదూ ఇరవైకి పూర్తయింది. వకుళ ఒక్క గెంతు గెంతి తెరమీద వేసింది.

బానలోంచి బట్ట పైకి లేచింది. ఎరుపు మాత్రమే కాదు, మడతల్లో నీడ, నీడలో నీటి మెరుపు, అన్నీ వచ్చాయి. తిరుపాలమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. టీ గ్లాసు పక్కన పెట్టి, అంచు సరిచేయబోతున్నట్టు తెరమీదికి వేలు చాపింది. అంతలోనే చటుక్కున వెనక్కి లాక్కుని, ఆ వేలును చీర కొంగుకు తుడుచుకుంది.

"ఇంకా తడారలేదమ్మా," అంది.

వకుళ రెండో కంప్యూటర్లో ఎలా కనిపిస్తుందో చూద్దామని అటు తిరగబోయింది. భుజంగరావుగారు దాని తెర ఆపేశారు.

"ఆవిడ వేలు తుడుచుకుందమ్మాయ్. ఇక పంపించెయ్."