రాజుగారు చాటించిన చలి

ఒకానొక రాజ్యంలో ఎండా వానా కూడా రాజుగారి కొలువులో జీతగాళ్ళే. అవునో కాదో ఎండనూ వాననూ ఎవరూ అడగలేదు గాని, రాజుగారి నమ్మకం మాత్రం అది. ఆ రాజ్యం పేరు కోనపురి. రాజుగారి పేరు రణగంభీర భూపతి. పేరుకు తగ్గ రణం ఆయన ఏలుబడిలో ఒక్కటీ జరగలేదు. గాంభీర్యానికి మాత్రం ఏ లోటూ లేదు.

యుద్ధాలు లేని రాజుకు పొద్దు గడవాలి కదా. కొందరు వేటకు పోతారు, కొందరు చదరంగం ఆడతారు. మన రణగంభీరులవారు రేపటి ఎండావానల గురించి ఇవాళే చెప్పేవారు. రోజూ సాయంత్రం కోట మేడ ఎక్కి, పడమటి వసారాలో నిలబడి, చూపుడువేలు నోట్లో పెట్టి తడిపి గాలిలోకి ఎత్తేవారు. చీమలబారు ఎటు పోతోందో చూసేవారు. అంతఃపురంలో పిల్లి ముడుచుకు పడుకుందా, కాళ్ళు చాపుకు పడుకుందా అని కబురు తెప్పించుకునేవారు. తన ఎడమ మోకాలు తానే నొక్కుకుని చూసేవారు. అన్నీ కలిపి కళ్ళు మూసుకుని, "రేపు మబ్బు" అనో, "రేపు ఉక్క" అనో సెలవిచ్చేవారు.

సెలవిచ్చాక అది తప్పడానికి వీల్లేదు. ఎందుకంటే ఆ కొలువులో ఒక ఆచారం ఉంది. రాజుగారు ఏది చెబితే సభ దానికి తగ్గట్టు ముస్తాబై రావాలి. వాన అన్న రోజున సభికులు తాటాకు గొడుగులు పట్టుకుని, పంచెలు ఎగగట్టి, లేని బురదను దాటుకుంటూ వచ్చేవారు. దేవులయ్య అనే ఉద్యోగి ఒకసారి సభ మధ్యలో జర్రున జారిపడ్డాడు కూడా. పొడినేల మీద అంత చక్కగా జారిపడటం అందరి వల్లా అయ్యే పని కాదు. ఆ సాయంత్రమే ఆయనకు మంత్రి పదవి వచ్చింది.

ఇంతమంది ఇన్నేళ్ళపాటు తలలూపితే ఎవరికైనా తన వేలి మీద తనకు నమ్మకం కుదురుతుంది. రాజుగారిని మాత్రం ఏమనగలం?

ఆ ఏడు ఉగాది వెళ్ళిందో లేదో ఎండలు ముదిరిపోయాయి. మామిడిపిందెలు వాడిపోతున్నాయి, కుక్కలు కాలవగట్ల కింద దూరుతున్నాయి. అలాంటి ఒక సాయంత్రం రాజుగారు వేలు ఎత్తారు. వేలికి జివ్వుమని చల్లగాలి తగిలింది. మళ్ళీ ఎత్తారు. మళ్ళీ జివ్వుమంది. ఆ రోజూ, మర్నాడూ, ఆ మర్నాడూ అదే చల్లదనం.

"వసంతంలో చలి వచ్చింది. ఇది ఎవరూ కనిపెట్టలేదు, మేము కనిపెట్టాం" అన్నారు రాజుగారు. ఆయన కళ్ళు ఆనందంతో చెమ్మగిల్లాయి.

వెంటనే ఊరూరా చాటింపు వేయించారు. కోనపురి రాజ్యానికి చలివారం వచ్చింది. అందరూ శాలువాలు కప్పుకోవాలి. చలివేంద్రాలు మూసేయాలి. విసనకర్ర పట్టరాదు, నీళ్ళు చల్లరాదు. ఇంత చలిలో చెమట పట్టినవాడు రాజాజ్ఞను ధిక్కరించినట్టే లెక్క. వాడు రాజ్యం విడిచి పోవాలి.

ఈ చివరి ముక్క వినగానే పేరయ్య గుండె జారిపోయింది.

పేరయ్య ఆ కొలువులో చమత్కారి. మాటకు మాట అప్పగించడంలో ఆయనకు సాటి లేదు. మనిషి మాత్రం భారీగా ఉంటాడు, పుష్యమాసపు తెల్లవారుజామున కూడా చెమటలు కక్కుతాడు. రాజుగారి ఎదుట ఎన్ని రకాల గండాలైనా నోటితో దాటగలడు గాని, చెమటకు నోటితో పనేముంది?

మర్నాడు సభ చూడముచ్చటగా ఉంది. బయట రాళ్ళు పేలే ఎండ. లోపల సభికులంతా మెడలదాకా శాలువాలు చుట్టుకుని, ముఖాన చెమట కనబడకుండా గంధం దట్టంగా మెత్తుకుని కూర్చున్నారు. పురోహితులవారు రెండు కంబళ్ళు కప్పుకుని వచ్చి, మూడోదాని కోసం ఇంటికి మనిషిని పంపామని అందరికీ వినబడేలా చెప్పుకుంటున్నారు. పట్టపుటేనుగు మీద కూడా ఒక రత్నకంబళి పరిచారు. దానికి రాజభక్తి అంటే ఏమిటో తెలియదు కాబట్టి తొండంతో లాగి అవతల పారేసింది. మంత్రి దేవులయ్య పళ్ళు టకటకలాడిస్తూ, మధ్యమధ్య "అబ్బ, ఏం చలి, ఏం చలి" అంటూ వణికిపోతున్నాడు.

పేరయ్య ముఖాన గంధం నిలవలేదు. అది కరిగి, గడ్డం మీదుగా కారి, శాలువా మీద పచ్చని మరకలు కట్టింది.

"పేరయ్యా, నీ ముఖం మీద ఏమిటది?" అన్నారు రాజుగారు.

"ముక్కు ప్రభూ."

"దాని మీద."

"చెమట ప్రభూ."

సభలో అందరి వణుకూ ఒక్కసారిగా ఆగిపోయింది. ఒక్క దేవులయ్య మాత్రం వణుకుతూనే ఉన్నాడు.

"మేము చలి అన్నాం. నువ్వు చెమట అంటున్నావు. రెంటిలో ఒకటి అబద్ధం కావాలి. ఏది?"

"నా ఒళ్ళే ప్రభూ. నా చెవులు తమ చాటింపు విన్నాయి. ఒళ్ళు మందమతి, దానికింకా ఎక్కలేదు. తమరు ఆ చలిని కనిపెట్టిన చోట, ఆ పడమటి వసారాలో, రేపు సాయంత్రం కాసేపు తమ పాదాల దగ్గర కూర్చోనివ్వండి. అక్కడ కూడా దీనికి చెమట పడితే చీకటి పడకముందే పొలిమేర దాటిపోతాను."

తన వసారా ప్రస్తావన రాగానే రాజుగారి ముఖం విప్పారింది. "అలాగే" అన్నారు.

నిజానికి పేరయ్య దగ్గర ఏ ఉపాయమూ లేదు. ఒక్క రోజు గడువు దొరికితే చాలుననుకున్నాడు. ఇంటికి వచ్చి శాలువా విప్పి పిండితే చెంబెడు నీళ్ళు కారాయి. పుట్టి పెరిగిన ఊరు, తాత తవ్వించిన బావి, పేరు పెట్టి పిలిచే వీధి. ఇవన్నీ వదిలి పోవాలంటే ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

"పోతే ఎక్కడికి పోదామండీ?" అంది ఆయన భార్య నరసమ్మ.

"పక్క రాజ్యానికి."

"ఆ రాజుగారికేం పిచ్చి?"

"పాటలు పాడతారట. సభంతా చివరిదాకా కూర్చుని వినాలట."

నరసమ్మ కాసేపు ఆలోచించింది. "ఆ చెమటేదో ఇక్కడే ఆపుకోండి" అంది.

మర్నాడు మధ్యాహ్నం దాటగానే పేరయ్య ఆ చోటు ఎలా ఉంటుందో చూద్దామని కోట మేడ ఎక్కాడు. పడమటి వసారాలో అడుగు పెట్టాడో లేదో, చల్లని గాలి ముఖాన కొట్టింది. నుదురు తడుముకున్నాడు. పొడిగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక చైత్రమాసంలో ఆయన నుదురు పొడిగా ఉండటం అదే మొదలు. రాజుగారు నిజంగానే దైవజ్ఞులా ఏమిటి అని అక్కడే చేతులు జోడించాడు కూడా.

అంతలో ఎక్కడో బుడబుడమని నీళ్ళ చప్పుడైంది.

వసారాకు మూడు వైపులా వట్టివేళ్ళ తడికలు వేలాడుతున్నాయి. పేరయ్య ఒక తడిక పక్కకు తప్పించి చూశాడు. వెనక ముత్యాలు అనే పనిమనిషి కుండతో నీళ్ళు తెచ్చి తడికల మీద గుమ్మరిస్తోంది. ఆమె మొగుడు తలుపంత విసనకర్ర పట్టుకుని ఊపుతున్నాడు.

"ఏమిటే ముత్యాలూ ఇది?"

"తడికలు తడుపుతున్నాం బాబయ్యా. ఎండలో పెబువులు మేడెక్కి వస్తన్నారు, ఆరొచ్చే ఏళకి సల్లగా ఉండాలని రాణీగారు ఉగాది మర్నాడు పురమాయించారు. ఆరు గాలి సూసేటప్పుడు ఎదురుగా మనుసులు మసిలితే ఆరికి కోపమంట. అందుకని ఈ ఎనకనుంచే ఇసురుతాం."

పేరయ్య ఉన్నచోటే చతికిలబడ్డాడు. శాలువా కొంగు నోట్లో కుక్కుకుని, ఒళ్ళంతా అదిరిపోయేలా నవ్వాడు. ముత్యాలు భయపడి ఆయన ముఖాన ఇన్ని నీళ్ళు చల్లింది.

నవ్వు ఆగాక పేరయ్య లేచి ముఖం గంభీరంగా పెట్టాడు. "చాటింపు విన్నావా? నీళ్ళు చల్లరాదు, విసనకర్ర పట్టరాదు."

"ఇన్నాను బాబయ్యా. అది ఊళ్ళో జనానికి కదా."

"ఊరికి అన్నారా, రాజ్యానికి అన్నారా?"

"రాజ్యానికే అన్నారు."

"మరి ఈ మేడ ఏ రాజ్యంలో ఉంది?"

ముత్యాలు కుండ దించేసింది. ఆమె మొగుడు అప్పటికే సగం మెట్లు దిగిపోయాడు.

"రాణీగారు అడిగితేనో?"

"రాజాజ్ఞకు లోబడి ఇంటికి పోయామని చెప్పు. ఇంకా అడిగితే నా పేరు చెప్పు."

వాళ్ళు వెళ్ళాక ఎండగాలికి తడికలు ఆరడం మొదలుపెట్టాయి. పేరయ్య నుదుట అప్పుడే చెమట పోసింది. సాయంత్రం తనకు చెమట పట్టడం ఖాయం. కాని ఈసారి తన ఒక్కడికే పట్టదు. ఆ ధైర్యంతోనే ఆయన కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా రాజుగారు వేంచేశారు. జరీ అంగీ, దాని మీద పట్టు ఉత్తరీయం, దాని మీద శాలువా, నెత్తిన పెద్ద తలపాగా. వెనకాలే దేవులయ్య వణుకుతూ వచ్చాడు. పడమటి సూర్యుడు నేరుగా వసారాలోకి చూస్తున్నాడు. కాళ్ళ కింద రాళ్ళు పెనంలా ఉన్నాయి.

రాజుగారు వేలు తడిపి ఎత్తారు. వడగాలి దాన్ని ఇట్టే ఆరబెట్టేసింది. మళ్ళీ తడిపారు. మళ్ళీ ఆరిపోయింది. మూడోసారి వేలు మొదలుదాకా నోట్లో పెట్టుకున్నారు. అయినా లాభం లేకపోయింది.

ఆయన చూపు కిందికి దిగి పేరయ్య మీద పడింది. పేరయ్య ఒంటి మీంచి చెమట ధారలు కట్టి రాళ్ళ మీద మడుగైంది.

"ఇక్కడా చెమటేనా" అన్నారు రాజుగారు, కాస్త ముందుకు వంగి. "ఇక నువ్వు రాజ్యం..."

టప్పుమని ఒక చుక్క రాజుగారి ముక్కు కొస నుంచి జారి పేరయ్య బట్టతల మీద పడింది.

పేరయ్య తల తడుముకుని ఆకాశం వంక చూశాడు. "వానా ప్రభూ?"

ఇలాంటప్పుడు ఆదుకోవడానికే మంత్రులున్నది. దేవులయ్య చేతులు జోడించి ముందుకొచ్చాడు.

"మంచు ప్రభూ. ఏలినవారి ముక్కు మీద మంచుబిందువు. చలి అంత తీవ్రంగా ఉంది."

"మంత్రిగారు అన్నాక తిరుగేముంది" అన్నాడు పేరయ్య. "అయితే ప్రభూ, నా మీద కురిసిందీ మంచే. తమ మీద ఒక చుక్క కురిసింది. నాది విశాలమైన శరీరం కాబట్టి నా మీద కాస్త ఎక్కువ కురిసింది."

ఇంకో చుక్క రాజుగారి పెదవి మీదికి జారింది. ఆయన నాలుకతో రుచి చూసుకున్నారు.

"దేవులయ్యా, మంచు ఉప్పగా ఉంటుందా?"

ఈసారి దేవులయ్య వణికింది మాత్రం నిజంగానే.

రాజుగారు తన వేలివంక చాలాసేపు చూసుకున్నారు. "పేరయ్యా, నిన్నటిదాకా ఇక్కడ చల్లగాలి వీచింది. ఈ వేలికి తగిలింది. అది అబద్ధం కాదు. అదేమైపోయింది?"

ఆ గొంతులో దర్పం లేదు. ఆడుకునే బొమ్మ పోగొట్టుకున్న పసివాడిలా ఉన్నారు. పేరయ్యకు జాలేసింది.

"అబద్ధం కాదు ప్రభూ. తమ వేలు ఉన్నదే చెప్పింది. ఆ గాలి ఇంటికి పోయింది."

"గాలికి ఇల్లేమిటి?"

"ఉత్తరపు వీధిలో ఉంది ప్రభూ. ఈపాటికి అంబలి తాగి అరుగు మీద కూర్చుని ఉంటుంది. పేరు ముత్యాలు."

అంటూ పేరయ్య తడిక పక్కకు తీశాడు. వెనక ఖాళీ కుండలు, గోడకు చేరవేసిన పెద్ద విసనకర్ర కనబడ్డాయి. "తమరికి ఎండ తగలకూడదని రాణీగారు తడికలు తడిపిస్తున్నారు. తమరేమో నీళ్ళు చల్లరాదని చాటించారు. పాపం, గాలి కూడా రాజాజ్ఞకు లోబడింది."

రాజుగారు ఎండిన తడికను వేలితో తాకారు. వేలిని చూశారు, తడికను చూశారు. ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. రాజుగారు కూడా వణుకుతున్నారనుకుని దేవులయ్య తన వణుకు రెట్టింపు చేశాడు. కాని అది వణుకు కాదు. రాజుగారు పొట్ట పట్టుకుని, స్తంభానికి ఆనుకుని, తలపాగా జారిపోతున్నా చూసుకోకుండా నవ్వుతున్నారు.

"మరి వాన అన్న రోజున నువ్వు జారిపడ్డావు కదయ్యా దేవులయ్యా?"

"కష్టపడి పడ్డాను ప్రభూ" అన్నాడు దేవులయ్య దీనంగా.

దాంతో రాజుగారు ఇంకో విడత నవ్వారు. కళ్ళు తుడుచుకున్నాక ముఖం గంభీరంగా పెట్టి అన్నారు. "సరే పేరయ్యా. చెమట పట్టినవాడు రాజ్యం విడవాలన్నాం. మేము మాట తప్పం. మనిద్దరం ఎప్పుడు బయలుదేరదాం?"

"పక్క రాజుగారు పాటలు పాడతారు ప్రభూ."

ఆ పాటలు రాజుగారు ఒకసారి విన్నవారే. ఆయన రంగు మారింది. "వేరే దారేమైనా ఉందా?"

"ఆ ఆజ్ఞ చలివారానికే కదా ప్రభూ. చలి వెళ్ళిపోయిందని ఒక్క మాట సెలవిస్తే మనిద్దరం నిర్దోషులం."

రాజుగారు పిట్టగోడ దగ్గరికి వెళ్ళి, ఏ చాటింపు మనిషి కోసమూ ఆగకుండా తానే గొంతెత్తి అరిచారు. "చలి పోయిందహో."

కింద కోట ముంగిట్లో ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. ఆ తరవాత శాలువాలన్నీ ఒక్కసారిగా గాలిలోకి లేచాయి. పురోహితులవారు మూడు కంబళ్ళూ ఒక్క లాగున ఊడదీసి బావివైపు పరుగెత్తారు. చీకటి పడేలోగా ఊళ్ళో చలివేంద్రాలు తెరుచుకున్నాయి, మజ్జిగ కుండల దగ్గర జనం తోసుకున్నారు.

ఆ సందడి చూసి రాజుగారి మనసు నిండిపోయింది. పేరయ్యను దగ్గరికి పిలిచి కౌగలించుకోబోయి, ఆయన ఒంటి పరిస్థితి చూసి ఆగిపోయి, భుజం తట్టారు.

"నిన్ను ఈ క్షణమే ఘనంగా సత్కరించాలి. ఎవరక్కడ? పేరయ్యకు కప్పడానికి మా కాశ్మీరు శాలువా తీసుకురండి."

పేరయ్య రెండు చేతులూ జోడించి వెనక్కి నడిచాడు. "ప్రభూ, కరుణించి ఆ దేశబహిష్కారమే ఇప్పించండి."

రాజుగారు మళ్ళీ పగలబడి నవ్వారు. చేతి కడియం తీసి ఆయన చేతికి తొడిగారు. ముత్యాలుకు పట్టుచీర, ఆమె మొగుడికి పాగా పంపించారు. ఆ వేసవి దాటేదాకా పేరయ్య ఆసనం కొలువులో తడిసిన వట్టివేళ్ళ తడిక పక్కనే వేయాలని ఆజ్ఞ ఇచ్చారు. దేవులయ్య మాత్రం, ఎందుకైనా మంచిదని, ఇంకో రెండు రోజులు శాలువా విప్పలేదు.