మొదటి రోజు కాగితం

డాక్టర్ భానోజీ ఆ రోజు ఒక కాగితం నింపి సంతకం పెట్టాలి. అందులో "మతి తప్పింది" అని రాస్తే ఆయన గురువుగారి చేతిలోంచి పరిశోధన గది తాళంచెవి పోతుంది.

గురువుగారి పేరు దైవాధీనం. వయసు ఎనభై ఒకటి. ముసలితనంలో మెదడు ఏం పోగొట్టుకుంటుంది, ఏం దాచుకుంటుంది అన్నదే యాభై ఏళ్ళుగా ఆయన చదువు. విశాఖపట్నంలో సముద్రం కనబడే కొండ మీద ఒక పరిశోధనశాల. అందులో చివరి గది ఆయనది. గోడ పొడుగునా గాజు సీసాలు, సీసాల్లో మెదళ్ళు. ఆయన ఏటేటా వెళ్ళి పలకరించిన ముసలివాళ్ళు, పోయాక తమ మెదడు తీసుకోమని రాసిచ్చారు. ఒక్కో సీసా మీద ఒక్కో పేరు. తమ పేరు తామే మర్చిపోయి పోయినవాళ్ళ పేర్లు కూడా అక్కడ ఉన్నాయి.

ఇప్పుడు ఆయనకే మతి తప్పుతోందని పైవాళ్ళకు ఫిర్యాదు వెళ్ళింది. పరీక్ష చేసి రాయమని భానోజీకి అప్పగించారు. మతిమరుపు వైద్యంలో భానోజీకి పెద్ద పేరుంది. ఆ విద్య నేర్పింది దైవాధీనం మాస్టారే.

అది ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. కొండ మీద రాళ్ళు కాలిపోతున్నాయి. ఎండ సంగతిలో ఎవరికీ అనుమానం లేదు.

గది బయట ఎర్రమ్మ నిలబడి ఉంది. ఆ గదికి టీ తెచ్చేది ఆవిడే. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో మూడు గ్లాసులు.

"మూడెందుకమ్మా?" అన్నాడు భానోజీ.

"మీరొస్తున్నారని మాస్టారు చెప్పారు బాబూ. ఇంకెవరొచ్చినా రెండే తెమ్మంటారు. మీరొస్తేనే మూడు."

"మూడోది ఎవరు తాగుతారు?"

"ఎవరూ తాగరు. మీగడ కట్టేదాకా చూసి నేనే పారబోస్తాను."

లోపల మూడు కుర్చీలు వేసి ఉన్నాయి.

"రా భానోజీ. ఆ అమ్మాయి సంగతేమైంది?" అన్నారు మాస్టారు.

కలిసినప్పుడల్లా ఇదే ప్రశ్న. ఏ అమ్మాయో భానోజీకి తెలియదు. మొదట్లో వినబడనట్టు ఊరుకునేవాడు. ఈమధ్య దాన్ని జబ్బు కింద రాసుకుంటున్నాడు.

"మాస్టారూ, కొన్ని ప్రశ్నలు అడగాలి."

"అడుగు. ఆ ప్రశ్నలు తయారుచేసింది నేనే. కాపీ కొట్టానని మాత్రం రాయకు."

భానోజీ మూడు మాటలు చెప్పి, కాసేపాగి అడిగాడు. మూడూ చెప్పారు. గడియారం బొమ్మ వేసి పదకొండూ పది చూపించమన్నాడు. చూపించారు. నూరులోంచి ఏడేసి తీసేయమన్నాడు. ఆగకుండా రెండు దాకా వచ్చేశారు.

"ఇంకా కిందికి దిగమంటావా?"

"చాలు మాస్టారూ. ఇక చివరిది." చివర్లో, ఇద్దరూ కలిసి చూసిన పాత రోజు ఒకటి అడగాలి. "నేను మొదటిసారి మీ దగ్గరికి వచ్చిన రోజు చెప్పండి."

ఆ రోజు కథ భానోజీ లెక్కలేనన్ని సభల్లో చెప్పాడు. చెప్పులు కొనుక్కోలేని కుర్రాడు, ఒక్కడే, మండుటెండలో కొండెక్కి వచ్చి గురువు గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పినప్పుడల్లా జనం చప్పట్లు కొట్టేవారు.

"వాన," అన్నారు మాస్టారు. "ఇద్దరూ తడిసిపోయి వచ్చారు. ఇద్దరికీ ఒకటే గొడుగు. అది మడవబోయి నూకరత్నం తలుపులో ఇరికించింది. ఒక ఊచ విరిగింది. నువ్వు నవ్వావు."

భానోజీ కలం తీశాడు. లేని మనిషిని ఉన్నట్టు చెబుతున్నారు అని రాశాడు. రాస్తుంటే బాధగానే ఉంది.

"తప్పా?" అన్నారు మాస్టారు.

"తప్పే మాస్టారూ. నేనొక్కణ్ణే వచ్చాను. ఆ రోజు ఎండ."

"నీకెలా తెలుసు?"

"నేను అక్కడే ఉన్నాను కదా."

"నేనూ ఉన్నాను."

ఆయన లేచారు. ఇనప బీరువా తెరిచి ఒక కవరు తెచ్చి బల్ల మీద పెట్టారు.

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. కొత్తగా చేరినవాళ్ళు, మొదటి రోజు జరిగిందంతా ఆ సాయంత్రమే కాగితం మీద రాయాలి. కవరులో పెట్టి అంటించి, అంటించిన చోట సంతకం చేసి ఇవ్వాలి. మాస్టారు తెరవరు. ఎన్నేళ్ళకో రాసినవాళ్ళ చేతే తెరిపిస్తారు.

"మంచిదే. ఇది చూస్తే మీకే తెలుస్తుంది," అన్నాడు భానోజీ. కవరు మీది సంతకం తనదే. చింపాడు.

లోపలి చేతిరాతా తనదే. అక్కడక్కడ నీటి చుక్కలు పడి సిరా పాకింది.

"వానలో వచ్చాం. నూకరత్నం గొడుగు తేబట్టి బతికాను. కొత్త చెప్పులు బురదలో పాడైపోయాయి. గొడుగు ఊచ విరిగింది. చాలా నవ్వుకున్నాం. ఈ రోజును చచ్చేదాకా మర్చిపోనని నూకరత్నంతో పందెం వేశాను."

దాని కింద పెన్సిలుతో, ఇంకొకరి చేతిరాత.

"మర్చిపోతాడు. నూకరత్నం."

భానోజీ ఆ రెండు మాటలూ మళ్ళీ మళ్ళీ చదివాడు.

"ఎవరు మాస్టారూ ఈవిడ?"

"మీ ఊరి పిల్ల. నీతో పాటే చదువుకుంది. పదకొండు రోజులు నీ పక్కన, ఆ బల్ల దగ్గర కూర్చుని పనిచేసింది. పన్నెండో రోజు రాలేదు. నేను నిన్ను అడిగాను. కనుక్కుని చెబుతాను మాస్టారూ, అన్నావు."

మాస్టారు మూడో కుర్చీ వైపు చూశారు.

"ముప్పై ఒక్క ఏళ్ళయింది. చెబుతావని చూస్తున్నాను."

భానోజీ కళ్ళు మూసుకున్నాడు. వాన కోసం వెతికాడు. ఎండే వచ్చింది. అరికాళ్ళు చురుక్కుమన్నాయి. కొండ దారి మలుపు మలుపూ కనబడింది. రాళ్ళు, తుప్పలు, తన నీడ. పక్కన ఎవరూ లేరు. ఎంత వెతికినా నీడ ఒక్కటే.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా మూడో కుర్చీ ఉంది. దాని ముందు గ్లాసులో టీ మీగడ కట్టింది.

తాను రాసిన వాక్యం కొట్టేశాడు. పక్కన, "జవాబు సరైనదే. అడిగినవాడికి తెలియదు," అని రాసి సంతకం పెట్టాడు. మాస్టారు గది తాళంచెవిని జేబులోంచి తీసి మళ్ళీ మేకుకు తగిలించారు.

భానోజీ లేచాడు. మాస్టారు బీరువా వెనక చెయ్యి పెట్టి, ఒక పాత నల్ల గొడుగు తీసి ఇచ్చారు. ఒక ఊచ విరిగి ఉంది.

"ఇది పట్టుకెళ్ళు."

"బయట ఎండ కదా మాస్టారూ."

"అవునా?" అన్నారు మాస్టారు.

భానోజీ గుమ్మందాకా వెళ్ళాడు. అరచెయ్యి బయటికి చాపి, చాలాసేపు అలాగే నిలబడ్డాడు.