వడ్రంగిపిట్ట ఆపిన రైలు

ఈ కథ నమ్మనివాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెయ్యెత్తండి. సగం విన్నాక "ఇదెక్కడి కోత" అని గొణిగితే కుదరదు. ఇందులో ప్రతి మాటా కాస్త తగ్గించి చెప్పిందే గానీ పెంచింది కాదు. ఎవరూ ఎత్తలేదు కదా? అయితే వినండి.

అనగనగా ఒక అడవిలో ఒక రైలుండేది. జంతువులన్నీ కలిసి మద్దిదుంగలు మోసి, చెక్కి, కొండ నెత్తి నుంచి ఏటి ఒడ్డు దాకా పట్టాలు పరిచాయి. ఆ రైలు ఎంత పొడవంటే, మొదటి పెట్టెలోవాళ్ళు ఏట్లో నీళ్ళు తాగుతుంటే, చివరి పెట్టెలోవాళ్ళు ఇంకా కొండ మీదే పళ్ళు తోముకుంటూ ఉండేవాళ్ళు. అంత రైలునీ భీమన్న అనే ముసలి ఏనుగు ఒక్కడే లాగేవాడు. అదీ ఆవులిస్తూ.

పట్టాలు చూసుకునే పని సింగారి అనే వడ్రంగిపిట్టది. రోజూ పొద్దున్నే పట్టా వెంట గెంతుతూ, పట్టాను దుంగకు బిగించే చీలలను ముక్కుతో టక్ టక్ అని కొట్టి చూసేది. చప్పుడు గట్టిగా వస్తే చీల బిగువుగా ఉన్నట్టు. బోలుగా వస్తే వదులైనట్టు. దాని చెవి ఎలాంటిదంటే, పట్టాకు ఆనించి వింటే చాలు, మూడామడల అవతల రైల్లో ఏ కుందేలు తుమ్మిందో పేరుతో సహా చెప్పేది.

వదులైన చీలలు బిగించడం, పుచ్చిన దుంగలు మార్చడం అందరూ వంతులవారీగా చేసేవాళ్ళు. రానురాను ఆ వంతులంటే విసుగు పుట్టింది. ఒకసారి అడవిపందులు తమ వంతు రోజు నిద్రపోయాయి. రైలు ఆలస్యమైంది. ఇదే అదనుగా సభలో దుమ్ములగొండి లేచాడు.

"మీకెందుకీ చాకిరీ? రైలు నాకిచ్చెయ్యండి. గాలిలా నడిపిస్తా," అన్నాడు.

"ఒక్కడికే ఇస్తే నెత్తికెక్కుతాడు. ముగ్గురికి పంచుదాం," అంది ముసలి జింక.

అందరూ తలూపారు. పెట్టెలు దుమ్ములగొండికి, పట్టాలు ఎలుగుబంటికి, స్టేషన్లు కొండముచ్చుకు దక్కాయి.

మొదటి వారం రైలు నిజంగానే గాలిలా పోయింది. తర్వాత తెలిసింది ఎందుకో. చిన్న స్టేషన్లలో ఆపడం మానేశారు. తుమ్మబోడులో తాబేళ్ళు ఎక్కడానికి ఒక పూట పడుతుందని అక్కడ అసలే ఆపలేదు.

"ఇంకో రైలు చూసుకోండి," అన్నాడు దుమ్ములగొండి.

అడవి మొత్తానికి ఉన్నది ఆ ఒక్క రైలే.

సింగారిని కూడా పనిలోంచి తీసేశారు. "మళ్ళీ నా పట్టా మీద కాలు పెట్టావంటే, నీ గూడున్న చెట్టు కొట్టించి దుంగలు చేయిస్తా," అన్నాడు ఎలుగుబంటి.

ఎండాకాలం వచ్చింది. కొండ మీద చెలమలు ఎండిపోయాయి. పిల్లాపాపలతో అందరూ ఏటికి బయలుదేరే రోజు పొద్దున, సింగారి లోయ వంతెన మీదుగా ఎగురుతూ ఆగింది. ఆ లోయ ఎంత లోతంటే, పైనుంచి నేరేడు గింజ వదిలితే అది అడుగు చేరేలోపు మొలిచి, చెట్టయి, కాపుకొచ్చేది. ఆ వంతెన మొదట్లో మూడు చీలలు లేవు. పట్టా ఊగుతోంది.

సింగారి స్టేషనుకు ఎగిరింది. "ఎలుగు మామా, వంతెన దగ్గర చీలలు ఊడిపోయాయి."

"ఊడగొట్టింది ఎవరి చక్రాలో వాళ్ళనడుగు," అన్నాడు ఎలుగుబంటి, తేనెపట్టు నాకుతూ.

దుమ్ములగొండి దగ్గరకు వెళ్ళింది. "నా చక్రాలు గుండ్రంగానే ఉన్నాయి కదమ్మా. పట్టా సంగతి నాకెందుకు?" అన్నాడు.

కొండముచ్చు దగ్గరకు వెళ్ళింది. "వంతెన నా స్టేషను హద్దులో లేదు. హద్దులో ఊడినప్పుడు రా, చూద్దాం," అన్నాడు.

ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకుని ముగ్గురూ మొదటి పెట్టెలో మెత్తటి గడ్డి మీద కూర్చున్నారు. సింగారి భీమన్న దగ్గరకు చేరేలోపే రైలు కదిలింది.

అరిస్తే చక్రాల మోతలో వినపడదు. సింగారి తన చెట్టు వైపు ఒక్కసారి చూసింది. గూట్లో మూడు గుడ్లున్నాయి. రైలు నిండా పసిపిల్లలున్నారు. ఇక ఆలోచించలేదు. వంతెన ముందుకు ఎగిరి, పట్టా మీద నిలబడి, నెత్తి మీది ఎర్రజుట్టు నిక్కబొడిచింది.

ఆ ఎరుపు చూశాడు భీమన్న. నాలుగు కాళ్ళూ నేలలోకి దిగేసి తన్నిపట్టాడు. ఆ కాళ్ళు దున్నిన చాళ్ళే తర్వాత రెండు చెరువులయ్యాయి. రైలు ఆగేసరికి ఏనుగు తొండానికీ పిట్ట ముక్కుకీ మధ్య చీమ దూరే సందు మాత్రం మిగిలింది.

"ఎవరాపమన్నారు?" అంటూ దిగాడు దుమ్ములగొండి.

"వచ్చి చూడు," అన్నాడు భీమన్న.

అందరూ దిగి చూశారు. ఊగుతున్న పట్టా, కింద లోయ. తల్లులు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. ఆ ముగ్గురు మాత్రం నీ పట్టా, నీ చక్రం, నీ హద్దు అని అక్కడే పోట్లాడుకున్నారు.

"పిల్లలకు దాహమేస్తోంది. మీలో ఒక్కరైనా చీల కొడతారా?" అని అడిగింది ముసలి జింక.

ఒక్కరూ కదల్లేదు. అప్పుడు అడవిపందులు కట్టె తెచ్చాయి. సింగారి ముక్కుతో మూడు చీలలు చెక్కింది. భీమన్న కాలితో ఒక్కొక్క తొక్కు తొక్కాడు. సింగారి కొట్టి చూసింది. చప్పుడు గట్టిగా వచ్చింది.

"పంచినదాన్ని మళ్ళీ కలుపుదాం. రైలు మనందరిదే," అంది జింక.

"మా వంతులో మేం మళ్ళీ నిద్రపోతామేమో," అంది ముసలి పంది, సిగ్గుపడుతూ.

"పో, పడుకో బాబాయ్," అంది సింగారి. "మనదైతే నిన్ను తిట్టి లేపుకుంటాం. వాళ్ళదైతే బతిమాలుకోవాలి. నేను పొద్దుటి నుంచీ ముగ్గుర్ని బతిమాలి వచ్చాను."

అంతా నవ్వారు. ఆ సాయంత్రానికే పిల్లలందరూ ఏట్లో మునిగి తేలారు. మర్నాటి నుంచి రైలు తుమ్మబోడులోనూ ఆగింది. ఎలుగుబంటికి కూడా వంతు పడింది. మొదటి వంతు వంతెన దగ్గరే. అప్పుడప్పుడు రైలు ఆలస్యమవుతూనే ఉంది. కానీ ఎందుకని అడిగితే జవాబు చెప్పేవాళ్ళున్నారు.

నీతి: అందరూ ఎక్కే రైలు అందరిదై ఉండాలి. అప్పుడే అది చివరి స్టేషనులో ఒక్కరున్నా ఆగుతుంది, ఒక్క చీల వదులైనా అందరూ కదులుతారు.

ఇంకా అనుమానమా? ఆ రోజు భీమన్న వీపు మీద కూర్చుని అంతా కళ్ళారా చూసిన గోరింకను అడగండి. పేరు పైడితల్లి.