ఎర్రకుట్టమ్మ బండ

పూర్వం వేమలకోట సీమను ఏలిన దొర కోట కట్టిస్తుండగా ఈశాన్యపు బురుజు మూడుమార్లు కూలిపోయిందట. పునాదిలో ఒక ఆడపిల్లను పెట్టి కడితేగానీ అది నిలవదని సోదెగత్తె చెప్పగా నమ్మి, అతడు ఊరిమీదికి భటులను తోలాడు.

దొరవారి పల్లకీకి పరుపులు కుట్టే సూరమ్మకు పైడమ్మ అని ఏడేళ్ల కూతురు ఒక్కతే. రెండంచులనూ లోపలికి మడిచి, ఆ మడతల కడుపులోంచే సూదిని నడిపి, చివరి ముడిని సైతం దూదిలోకి లాగేయడం సూరమ్మ పనితనం. ఆ తరువాత అతుకు ఎక్కడుందో వెతికినవాడికి వెతికినంత.

భటుల కేకలు వినబడగానే ఆమె బిడ్డను సగం నింపిన పరుపులోకి దూర్చి, "ఎవరు పిలిచినా పలక్కు. నేను పిలిచినా సరే" అని చెప్పి, ఎప్పటిలాగే అతుకు కనబడకుండా మూసి కుట్టేసింది.

ఇల్లంతా గాలించి ఒక భటుడు పరుపు మీదికి బల్లెమెత్తాడు.

"దొరవారి పరుపురా! దానికి చిల్లు పడితే నీ డొక్కకీ పడతాది" అన్నాడు రెండోవాడు. పోతూ పోతూ సూదులు, కత్తెర, కత్తిపీట ఊడ్చుకున్నారు. "పిల్లనప్పజెప్పి ఇవి పట్టుకుపోవే" అన్నారు.

వాళ్లు వీధి మలుపు తిరగగానే సూరమ్మ పరుపు మీద పడింది. అతుకు దొరకలేదు. నాలుగు వైపులా ఒక్కలాగే ఉంది. బిగువైన గుడ్డ పంటికి అందలేదు.

"పైడీ, ఎటువైపున్నావే?"

పలుకు లేదు. చెప్పిన మాట వినే పిల్ల. పరుపు మొదట కాస్త కదిలింది. తరువాత అదీ లేదు.

"నా కుట్టు ఎవరికీ కనపడకూడదని ఇన్నాళ్లూ మొక్కాను తల్లీ. ఇవాళ కనపడనీ" అంటూ ఆమె గోళ్లు విరిగేదాకా అంచులు గీకింది. వేలి నెత్తురు ఒక్క చుక్క మడతలోని తెల్లదారాన్ని పట్టుకుని మూరెడు పొడుగునా పాకి, పాపిట్లో కుంకంలా ఎర్రగీత తేలింది. అక్కడ గోరు దూర్చి, దారం లాగి, పంటితో తెంపింది.

దూది మధ్య కమిలిన ముఖం. ఎంతసేపటికో కళ్లు తెరిచి, "ఇప్పుడు పలకొచ్చా అమ్మా?" అంది.

పరుపు కింది బండమీద ఆ గీత అచ్చుపడి, ఎంత కడిగినా పోలేదు. ఆ వింత చెవినబడి దొర వచ్చి చూసి, జడిసి, బలి మాట మానుకున్నాడు. బురుజు నేటికీ మొండిగానే ఉంది. ఆ బండే ఎర్రకుట్టమ్మ. జాతరనాడు అమ్మవారికి కొత్త పరుపును ఎర్రదారంతో, పైకి కనబడేలా కుట్టి, ఒక మూల బెత్తెడు కుట్టకుండా వదులుతారు. తరువాత తల్లులందరూ బండ ముందు నిలిచి బిడ్డల్ని పేరుపెట్టి పిలుస్తారు. ఆఖరి బిడ్డ కూడా "ఓయ్" అనేదాకా ఎవరూ కొబ్బరికాయ కొట్టరు.